ళ బదులు ల

ఒక అక్షరం తీసి ఆ చోట ఇంకో అక్షరం పెట్టాలి. పని ఇంతే. తెలుగు ‘క’ ఉన్నచోట హిందీ ‘क’, తెలుగు ‘మ’ ఉన్నచోట హిందీ ‘म’. ఈ మాత్రం పనికి మా ఆయన భూషణం ఏకంగా ఒక కంప్యూటర్ భాషనే పుట్టించాడు. పుట్టించి ఊరుకున్నాడా అంటే, అదీ లేదు. వారానికోసారి దాని ముక్కూ చెవులూ మార్చేవాడు. ఆ ఏడాది మా ఇంట్లో అన్నం చల్లారని పూట లేదు. నేను తిట్టని తిట్టూ లేదు. ఎంత తిట్టినా ఆయన నోట ఒకటే మాట, ‘ఒక్క చిన్న మార్పు’.

ఆ మనిషి తత్వమే అంత. మా గేటు గడియని బాగుచేస్తానని మొదలుపెట్టి, ఆఖరికి తను తప్ప ఎవరూ తీయలేనట్టు చేశాడు. పాలవాడు గోడ మీదినుంచి చెయ్యి చాచి గిన్నె అందిస్తాడు. అయినా ఆయన దృష్టిలో ఆ గడియ ఇంకా పూర్తికాలేదు. పూర్తయ్యేదాకా ఏదీ ఎవరికీ చూపించకూడదన్నది ఆయన నియమం. ఏదీ పూర్తి కాదన్నది నా అనుభవం.

ఆయన పుట్టి పెరిగింది ఈ హిందీ రాష్ట్రంలో, కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో. మామయ్య ఎర్రన్న పలాస పక్క ఊరి మనిషి. ఇనప రాయిని విశాఖపట్నం మోసే బండ్ల కోసం కొండల్లో లైను వేసిన కొత్తలో గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భూషణం హిందీ బడిలో చదువుకుని గని కంపెనీ కంప్యూటర్ సెక్షన్‌లో చేరాడు. పగలంతా షిఫ్టు చార్టులు తీసి, మొహాన ఎర్ర దుమ్ముతో ఇంటికొచ్చి, మళ్ళీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. నేను కొంటా ఊరి పిల్లని. చిన్నప్పుడు భద్రాచలంలో పిన్ని దగ్గర ఉండి తెలుగు బడిలో చదివాను కాబట్టి నాకు తెలుగు రాయడం, చదవడం వచ్చు. మా క్వార్టర్ల వరసలో నా ఈడు వాళ్ళలో ఆ ముక్క వచ్చినవాళ్ళు తక్కువ.

ఇదంతా మా అత్తమ్మ దేవుడమ్మ పాటల కోసం మొదలైంది.

అత్తమ్మ బడి మొహం చూడలేదు. పెళ్ళయి ఇక్కడికొచ్చాక పాస్టరమ్మ గారి దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దింది. దిద్దిన ఏడాదికే పాటలు కట్టడం మొదలుపెట్టింది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ కట్టేది, రైలు గేటు దగ్గర నిలబడి కట్టేది, పాత కేలండర్ కాగితాలు వెనక్కి తిప్పి రాసుకునేది. మా తెలుగు సంఘంలో ప్రతి ఆదివారం అవే పాటలు. ఆమె లేచి ఒక్కో చరణం అందిస్తే మిగతావాళ్ళు అందుకునేవారు. పుస్తకం ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. అవసరం కూడా పడలేదు.

తర్వాత అత్తమ్మ గొంతులో గడ్డ లేచింది. విశాఖపట్నంలో కోసి తీశారు. ప్రాణం దక్కింది గానీ గొంతు దక్కలేదు. చెవి దగ్గర పెడితే వినిపించే గుసగుస మాత్రం మిగిలింది. అప్పటికే ఆ పాటలు నోటికొచ్చిన వాళ్ళంతా రిటైరై, క్వార్టర్లు ఖాళీచేసి, విజయనగరమనీ శ్రీకాకుళమనీ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మిగిలింది పిల్లలు. వాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజార్లో ఇక్కడి హల్బీ భాష మాట్లాడతారు, చదివేది మాత్రం హిందీ. తెలుగు అక్షరాలు నేర్పుదామని చర్చిలో బెంచీలు వేశాం. బడిలో ఇచ్చిన హోంవర్కే చేయలేక ఛస్తుంటే ఇదొకటా అని పిల్లలు ఎగ్గొట్టారు. వాళ్ళ తల్లులు కూడా పట్టుబట్టలేదు.

అంచేత ఉపాయం ఒకటే. తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో అచ్చుతీసి పిల్లల చేతుల్లో పెట్టాలి. రాగం చెప్పడానికి ఇంకా ఒకరిద్దరు ఉన్నారు, మాటలుంటే చాలు. ఈస్టర్ నాటికి పిల్లలు తన పాట పాడాలి, తను ముందు బెంచీలో కూర్చుని వినాలి. అత్తమ్మ కోరింది ఇంతే. ఏ పాట అన్నది కూడా ఆమే చెప్పింది:

కల్లు మూసిన కళ్ళు తెరిచినావు దేవా
కాలు జారిన నన్ను నిలిపినావు దేవా

ఆ పాట మామయ్య ఎర్రన్నది. కట్టింది అత్తమ్మే గానీ, బతుకు ఆయనది. ఆయన తాగేవాడు. పొద్దున్నే తాడిచెట్ల కింద మొదలుపెట్టి డ్యూటీకి తూలుతూ వెళ్ళేవాడు. ఒకరోజు అలా వెళ్ళి సిగ్నల్ దగ్గర పట్టాల మీదే తలపెట్టి పడుకున్నాడు. తోటి గ్యాంగ్‌మన్ ఒకాయన చూసి కాళ్ళు పట్టి ఈడ్చాడు, వెంటనే రాయి బండి వెళ్ళింది. ఆ రోజు మానేసిన కల్లు మామయ్య చచ్చిపోయేదాకా మళ్ళీ ముట్టలేదు. ఈ ఊళ్ళో కల్లు ముట్టకుండా బతకడమంటే చేపల బజార్లో కాపురముండి నీచు ముట్టనని ఒట్టు పెట్టుకోవడం లాంటిది. అందుకే అత్తమ్మకి మిగతా పాటలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

పాటలు ఎన్నో లేవు, నేనే చేత్తో హిందీలో రాసేస్తానన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. నా చేతిరాత చూస్తే చీమలు సిరాలో పడి లేచినట్టుంటుందని ఎగతాళి చేశాడు. పైగా ఈ పాటలయ్యాక ఇంకొకరి పాటలొస్తాయి, పక్క ఊరు బచేలి సంఘం వాళ్ళూ అడుగుతారు, ఎన్నని రాస్తావన్నాడు. ఒకసారి యంత్రానికి చెబితే ఎన్నింటినైనా అదే మారుస్తుందట. సరే, చెప్పండి అన్నాను. అనడం నాదే, ఆ తర్వాత పడిందీ నేనే.

మొదట రెండు వరసలు పెట్టాడు. పై వరసలో తెలుగు అక్షరాలు, కింది వరసలో హిందీవి. మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది, ఎదురెదురుగా నిలబడి చెయ్యి పట్టుకోవాలి. చూడముచ్చటగా ఉందని మురిసిపోయాడు. గుణింతాల గుర్తులు ఒంటరిగా నిలబడవుగా, పక్కవాడి నెత్తినెక్కి కూర్చున్నాయి. తెర మీద ఎన్ని ఉన్నాయో లెక్క తెలియలేదు. అదట్లా ఉండగా తెలుగు వరసలో ‘ర’ తర్వాత బండి ‘ఱ’, ‘ల’ తర్వాత ‘ళ’ ఉన్నాయి, హిందీ వరసలో వాటి జోడీలు లేవు. అక్కణ్ణుంచి అందరూ పక్కింటివాడి చెయ్యి పట్టుకున్నారు. కింది వరస పొట్టిదైతే ఆఖరివాడే మిగిలినవాళ్ళందరికీ చెయ్యి ఇవ్వాలని ఈయనే ఒక రూలు పెట్టాడు. దాంతో ‘వ’ కాస్తా ‘ష’ అయింది, ‘స’ కాస్తా ‘హ’ అయింది. మా అమ్మాయి సువార్త, అప్పుడు దానికి పదకొండేళ్ళు, తన పేరు టైపు చేసి చూసుకుంటే ‘హుషార్త’ అని వచ్చింది. బడిలో ఆ పేరు ఎలా పాకిందో తెలియదు గానీ, దాన్ని ఇప్పటికీ అలాగే పిలిచేవాళ్ళున్నారు.

రెండు వరసలు పోయి జంటలొచ్చాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో లైను, మధ్యలో బాణం. ఇక్కడితో అయిపోవాలి. కానీ బాణం ఎటు చూడాలన్న అనుమానం పట్టుకుంది. పోయే అక్షరం వైపా, వచ్చే అక్షరం వైపా? ఆఫీసులో అడిగాడు, చర్చిలో అడిగాడు, కూరగాయల బండివాణ్ణి అడిగాడు. సగం మంది అటన్నారు, సగం మంది ఇటన్నారు. బాణం వద్దన్నాడు. చుక్కలు పెట్టాడు, అవీ తీసేశాడు. ఒకరోజు ఆఫీసు నుంచి ఊగిపోతూ వచ్చి దొరికిందన్నాడు. దొరికింది ‘బదులు’.

వాళ్ళ నాన్న డ్యూటీ బోర్డు మీద ఉండేదట, ‘సీతయ్య బదులు నూకరాజు’ అని. సీతయ్య సెలవు, నూకరాజు వస్తాడు. చదివినవాడు ఎవడూ పొరబడలేదు. అలాగే ‘ల బదులు ल’. భాషకి కూడా ‘బదులు’ అనే పేరు పెట్టేశాడు. నా నోరు ఊరుకుంటుందా? మా కొంటాలో ‘నూకరాజు సీతయ్య బదులు వచ్చిండు’ అని కూడా అంటాం కదా, అప్పుడు ముందున్నవాడు వచ్చేవాడు కదా అన్నాను. అంతే, మొహం వెలిగిపోయింది. మంచి మాట చెప్పావని మళ్ళీ మొదటికొచ్చి కూర్చున్నాడు. నేను తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. మా నాన్న కొట్లో బదులంటే చేబదులు, అది పోవడమే గానీ రావడం ఉండదని కూడా అన్నాను. దానికి నవ్వాడు గానీ లేవలేదు.

కంప్యూటర్‌కి తెలుగు మాటలెందుకు, నలుగురూ వాడే గుర్తులు వాడితే పోదా అని చాలాసార్లు దెప్పాను. జవాబు చెప్పేవాడు కాదు. గొప్ప కోసం అనుకున్నాను.

ఈస్టర్ దగ్గర పడింది. అక్షరాలన్నీ కుదిరి ‘ళ’ ఒక్కటి మిగిలింది. హిందీ పిల్లలకి ‘ళ’ లేదు. మరాఠీ వాళ్ళు వాడేదొకటుందిగానీ మా పిల్లలు దాన్ని ఏనాడూ చూడలేదు. ఆయన చెంప కింద చెయ్యి పెట్టుకుని దాని గురించే ఆలోచిస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

“ఏందండీ ఇది? పండగ పోయినంక పాడతరా పిల్లలు? దానికి ఏదో ఒకటి పెట్టి కానియ్యుండ్రి,” అన్నాను.

మన ఇళ్ళలో ఎవరం దాన్ని సరిగ్గా పలుకుతాం గనక, నీళ్ళని ‘నీల్లు’ అనే అంటాం, మళ్ళీని ‘మల్లీ’ అనే అంటాం అని ఆయనే తేల్చాడు. ఆ మాట నిజం. పలాస పక్క వాళ్ళు అంతే, ఇన్నేళ్ళుగా వాళ్ళతో కాపురం చేసి నేనూ అంతే. కాబట్టి ముందు తెలుగులోనే ‘ళ’ని ‘ల’ చేసేస్తే చాలని ‘ళ బదులు ల’ అని ఆఖరి లైను చేర్చి, అచ్చుకిచ్చాడు. ఆ పూట ఇంట్లో అన్నం వేడిగా తిన్నాం.

ఈస్టర్ నాడు అత్తమ్మ ముందు బెంచీలో కూర్చుంది. పిల్లలు కాగితాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు, మధ్యలో సువార్త. గొంతులు ఒకేసారి లేచాయి.

కల్లు మూసిన కల్లు తెరిచినావు దేవా.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక బెంచీల్లోంచి నవ్వు మొదలైంది. పిల్లలకి ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఇంకా గట్టిగా పాడారు. మూతేసిన కల్లుకుండ దేవుడొచ్చి తెరిచాడన్నట్టు వచ్చింది పాట. పాస్టరు గారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఎర్రన్న పైకెళ్ళి మళ్ళీ సీసా తెరిచాడ్రా అని ఎవరో అన్నారు. అది విని అంతా పగలబడ్డారు. అత్తమ్మ లేచింది. చీర కొంగు తలమీదికి లాక్కుని, ఎవరివైపూ చూడకుండా, నడవలోంచి బయటికి వెళ్ళిపోయింది. పిల్లలు పాట ఆపేశారు.

ఇంటికొచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తినమంటే తినలేదు. నేను మంచం మీద కూర్చుని, పిల్లలకి ఏం తెలుసు అత్తమ్మా, కాగితంలో తప్పు పడింది అని నచ్చజెప్పబోయాను. ఆమె ఇటు తిరిగింది. నా చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను.

“మీ మావ కల్లు మానీసి సచ్చిపోనాడు. ఇయాల ఈలందరూ కలిసి మల్లీ తాగించీసినారు,” అంది.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దాని వెనకే కోపం. నేరుగా వెళ్ళి కంప్యూటర్ ముందున్న మనిషి మీద పడ్డాను. ఇన్ని నెలలు కూర్చుని మీరు చేసింది మామయ్య నోట్లో కల్లు పొయ్యడమా అన్నాను. ఆయన లేచి, ప్రింటర్‌లోంచి ఒక కాగితం తీసి, తల్లి మంచం దగ్గరకెళ్ళి కూర్చున్నాడు. అది పాట కాదు, యంత్రానికి చెప్పిన రూళ్ళ కాగితం. క బదులు क. మ బదులు म. పై నుంచి కింద దాకా అదే, హిందీ రానివాళ్ళకీ తెలుగు అక్షరం చూస్తే దాని పక్కది ఏదో తెలిసిపోతుంది. అత్తమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చిన్న తరగతి వాచకం చదివినంత తేలిగ్గా వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళింది.

అప్పుడు నాకు వెలిగింది. కంప్యూటర్‌కి తెలుగు మాటలు ఎందుకు నేర్పాడో, బాణం ఎందుకు పనికిరాలేదో. ఏ అక్షరం మారిస్తే పాట చెడుతుందో చెప్పగల మనిషి ఒక్కరే. ఆమెకి గొంతు లేదు, వచ్చిన చదువు తెలుగు అక్షరాలు మాత్రమే. ఆమె చదివి దిద్దాలని ఇదంతా రాశాడు. అంత ఆలోచించిన మనిషి, పూర్తికాలేదని ఒక్కసారీ ఆమెకి చూపించలేదు. ఇలాంటి మనిషిని ఏం చేయాలో మీరు చెప్పండి. ముద్దు పెట్టుకోవాలా, మొట్టికాయ వెయ్యాలా?

అత్తమ్మ వేలు ఆఖరి లైను దగ్గర ఆగింది. ళ బదులు ల.

ఇంట్లో మనం అలాగే అంటాం కదమ్మా అన్నాడాయన, నేల చూస్తూ.

“ఇంటికాడ నీల్లే అంతాను. పాట దేవుడికాడ సెప్పుకున్న మాటరా. అక్కడ నాలిక మడతెట్టే అంతాను,” అంది అత్తమ్మ.

పెన్సిల్ అడిగింది. ‘ళ బదులు’ తర్వాత ఉన్న ‘ల’ కొట్టేసి, పక్కన ‘లేదు’ అని రాసింది. ళ బదులు లేదు. కాగితం కొడుకు చేతిలో పెట్టి మళ్ళీ గోడవైపు తిరిగింది. ఈ పాట సరిగ్గా పాడేదాకా తను చర్చి గడప తొక్కనని చెప్పింది.

ఇంకేముంది, ఆ ఒక్క లైనూ తీసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. సరిపోదట. ఆయన భాషలో ప్రతి అక్షరానికీ బదులు ఉండి తీరాలి. లేకపోతే యంత్రం అది తప్పనుకుని అక్కడే ఆగిపోతుంది. బదులు లేదని చెప్పడానికి ఆ భాషలో మాటే లేదు. అంత పెద్ద భాష కట్టి, అందులో ‘లేదు’ అనే మాట పెట్టడం మర్చిపోయాడు మహానుభావుడు. మళ్ళీ మొదలు.

‘లేదు’ పెట్టాడు. అప్పుడు ఇంకో తంటా. తెలుగు ‘ళ’కి హిందీ కొమ్ము అంటుకోలేదు. మధ్యలో చుక్కల సున్న ఒకటి వచ్చి కూర్చుంది, రెండు భాషలకీ కుదరని సంబంధం మధ్య పెళ్ళిళ్ళ పేరయ్యలా. ఇక ముక్కలుగా మార్చడం మానేసి, వత్తూ గుణింతమూ కలిపి అక్షరాన్ని నిండుగా తీసుకోవాలన్నాడు. అంటే పునాది నుంచి కట్టాలి. సెలవు పెట్టాడు. నేను అరవడం మానేశాను. అరిచి అరిచి నాకూ అత్తమ్మ గతే పట్టేలా ఉంది. మా అమ్మకి ఫోన్ చేసి, నన్ను మనిషికిచ్చారా మరకి ఇచ్చారా అని ఏడ్చాను. తాగడు కదా, సర్దుకోమంది మా అమ్మ.

చివరికి కాగితం వచ్చింది. అంతా హిందీ అక్షరాలు, మధ్యలో అక్కడక్కడ ఒకటి తెలుగు.

कళ్ళు.

పిల్లలు మా వరండాలో కూర్చుని దాన్ని వింతగా చూశారు. ఇదేం అక్షరం అని అడిగారు. ఒక్కటే కదా అని నేను చెప్పాను. పేరు చెప్పాను, నాలుక ఎలా మడవాలో చూపించాను. నాకూ సరిగ్గా రాదు గనక, కిటికీ లోపల మంచం మీదున్న అత్తమ్మ నోరు తెరిచి నాలుక పైకి మడిచి చూపించింది. శబ్దం లేదు. పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని ఆ నాలుకని చూసి, అలాగే మడిచి, ‘ళ్ళు, ళ్ళు’ అని వీధంతా వినిపించేలా అరిచారు. పక్క క్వార్టర్ బిలాస్‌పుర్ ఆవిడ వచ్చి ఎవరికైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగి వెళ్ళింది.

బాగుంది, ఇక పాడించేద్దామన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. రూళ్ళ కాగితం మళ్ళీ అడిగింది. ఈసారి ‘ఎ’ దగ్గర ఆగింది, ‘ఏ’ పక్కనున్న హిందీ అక్షరమే దాని పక్కనా ఉంది. హిందీలో పొట్టి ‘ఎ’ లేదు, పొట్టి ‘ఒ’ లేదు, అన్నీ సాగదీసినవే. అలా రాస్తే మొర కాస్తా మోర అయిపోతుంది. దేవుడు మొర వింటాడు గానీ ఆవులా మోరెత్తితే ఏం వింటాడు? ఎ బదులు లేదు. ఒ బదులు లేదు. తర్వాతి వారం బండి ‘ఱ’ బదులు లేదు. అరసున్న పెట్టమని అడగలేదు, అంతవరకు నా అదృష్టం.

ఇప్పుడు నాకు ఇద్దరితో వేగడమైంది. తల్లి కొట్టేస్తుంది, కొడుకు కూర్చుంటాడు, నేను కాగితాలు ప్రింటు తీయించడానికి బజారుకి పరిగెత్తుతాను. పొట్టి ‘ఎ’ ఉన్న అక్షరమల్లా నిండుగా తెలుగులోనే ఉండిపోయేసరికి, లైనుకి సగం తెలుగే. ఒక పాట మార్చి ఇస్తే, హిందీ మధ్యలో తెలుగు ఉందో, తెలుగు మధ్యలో హిందీ ఉందో పోల్చుకోవడం కష్టం. పిల్లలు మాత్రం వచ్చిన కాగితం వచ్చినట్టు చదివేస్తున్నారు. వారానికి ఒకటో రెండో కొత్తవి, కిటికీ దగ్గరకెళ్ళి అడిగేస్తున్నారు. నేను గమనించలేదు. ఆ మనిషి ‘చిన్న మార్పు’ల మీద మంట తప్ప నాకు ఇంకేదీ కనిపించడం లేదు అప్పట్లో.

వానలు తగ్గాయి. కోత పండగకి ఆ పాట పాడించాలని పాస్టరు గారు కబురుపెట్టారు. మా ఆయన ఆఖరి కాగితం తీశాడు, ఇదే పూర్తయినది అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు. సువార్త కాగితం అందుకుని రెండు లైన్లు చదివింది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. ఏమైందని అడిగాడు.

“నాన్నా, మామ్మ రాసిన కాగితమే ఇచ్చీ. నీ దాంట్లో మధ్యలో హిందీ అడ్డొస్తంది,” అంది.

నేను కూర తరుగుతున్న చెయ్యి ఆపాను. ఆయన లోపలికెళ్ళి కేలండర్ కాగితం తెచ్చి ఇచ్చాడు. సువార్త గుమ్మంలో నిలబడి, వేలు పెట్టుకోకుండా, తడుముకుంటూనే గానీ, మొదటి నుంచి చివరి దాకా చదివింది. వెనక నుంచి ఇంకో ఇద్దరు పిల్లలు తొంగిచూసి తామూ చదివారు. ఎవరూ వాళ్ళకి అఆలు దిద్దించలేదు. మా ఆయన అంత కష్టపడి కట్టిన భాషకి ఇక మార్చడానికి ఒక్క అక్షరమూ మిగల్లేదు. ఆ మనిషి ఏడాదంతా పడ్డ పాటు తలుచుకుంటే నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన మాత్రం, యంత్రాన్ని ఆపేసి వచ్చి నా పక్కన కూర్చుని వంకాయలు తరిగాడు. వంకర టింకరగా తరిగాడు. నేను అవే కూరలో వేశాను.

కోత పండగ నాడు అత్తమ్మ తెల్లచీర కట్టుకుని చర్చికి నడిచింది. ఈస్టర్‌కి నవ్వినవాళ్ళలో చాలామంది ఉన్నారు. పిల్లలు కేలండర్ కాగితాలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు, అవి పాతబడి మడతల దగ్గర చిరుగుతున్నాయి. సువార్త ఊపిరి తీసుకుంది.

కల్లు మూసిన కళ్ళు తెరిచినావు దేవా.

మొదటిదానికి నాలుక ముందుంది, రెండోదానికి మడతపడింది. తేడా అంత చిన్నది. వెనక బెంచీల్లో ఎవరూ నవ్వలేదు. ఆ రోజు సీసా మాట అన్న మనిషి తల దించుకుని వింటున్నాడు. పిల్లలు పాట చివరిదాకా పాడారు, అత్తమ్మ కదలకుండా విన్నది.

పాట అయ్యాక ఆమె కొడుకుని దగ్గరకు రమ్మని చెయ్యి ఊపింది. ఆయన ఒంగి చెవి పెట్టాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినిపించింది.

“ఒరే బూసనం, ఇయాల మీ నాన్న తాగనేదురా.”